సుమో పేరు జపానుది... ఊరు మాత్రం పుణె!

తెలుగు సినిమాలో ఇప్పటిదాకా ఎన్ని సుమోలు గాల్లోకి లేచాయో లెక్కపెట్టినవాడు ఇంకా పుట్టలేదు! 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది మొదలు కొన్నేళ్లపాటు మన తెరకు తెల్లచొక్కా, మెలితిప్పిన మీసం, వేటకొడవలి ఎంత ముఖ్యమో, బారులు తీరి దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలూ అంతే ముఖ్యం. 2002లో వి.వి. వినాయక్ ‘ఆది’ తీసేసరికి అవి దుమ్ము లేపడంతో ఆగలేదు, తామే లేచాయి. థియేటర్లో ఈలలే ఈలలు!

ఇంతకీ ఆ సుమో ఏ దేశపు బండి? పేరు వినగానే జపాన్ మల్లయోధులు గుర్తొస్తారు కదూ? అదేం కాదు. టాటాల టెల్కో కంపెనీని పెంచి పెద్దచేసిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి ‘సు’, ఇంటిపేరులోంచి ‘మో’ తీసి అతికించారు. 1994లో వచ్చి, 2019లో సెలవు తీసుకున్న ఆ బండి అచ్చంగా మనదే. పేరు చూసి ఊరు చెప్పకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, పర్చూరు దగ్గరి ఓ పల్లె నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. వాళ్లది మిర్చి, పత్తి వేసే కుటుంబం. కారు కొందామనుకుంటున్నారు. ఇంట్లో మూడు పార్టీలు! నాన్న ‘దేశవాళీ బండే కొందాం, ఎక్కడ ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడు’ అంటున్నాడట. మావయ్య ‘ఫారిన్ కంపెనీది తీసుకోండి బావా, రేకు గట్టి, పదిమందిలో పరువు’ అంటున్నాడట. మనవాడికేమో అభిమాన హీరో దిగే కారులాంటిదే కావాలి. ‘సార్, ఏది మంచిదో మీరే తీర్పు చెప్పండి’ అని ముగించాడు.

తీర్పు చెబుతాను తమ్ముడూ! కానీ ముందు నిందితులెవరో తేలాలిగా? అసలు దేశవాళీ బండి అంటే ఏది? ఫారిన్ బండి అంటే ఏది?

పుట్టిల్లు ఒకచోట... మెట్టినిల్లు ఒకచోట

మన పాత సినిమాల్లో రెండు రకాల కార్లు కనిపిస్తాయి. విలన్ దిగేది పొడుగాటి షెవర్లే ఇంపాలా. డాక్టరుగారు, ప్లీడరుగారు, పెళ్లికూతురు తండ్రి దిగేది అంబాసిడరో, ఫియట్టో. దీని వెనక ఓ చిన్న చరిత్ర ఉంది. భాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకుంటామంటే కుదరదు, ఇక్కడే తయారుచేయాలి అని 1950ల్లో కేంద్రం గట్టిగా పట్టుబట్టింది. దాంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1954కల్లా మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ తర్వాత కొత్త విదేశీ కారు సామాన్యుడికి దొరకడం గగనమైంది. దొరకనిది ఎవడి దగ్గరుంటే వాడే గొప్పవాడు, సినిమా భాషలో వాడే విలన్!

ఆ తర్వాత మూడు దశాబ్దాలపాటు కారు కొనాలంటే ముఖ్యంగా మూడే దిక్కులు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. మూడూ స్వదేశీ కంపెనీలే. మరి కార్లు? అంబాసిడర్ పుట్టిల్లు ఇంగ్లండ్, కన్నవారింట్లో దాని పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పద్మిని అని అచ్చ తెలుగింటి ఆడపడుచులా వినిపించే కారు ఇటలీ వారి ఫియట్ 1100. స్టాండర్డ్ హెరాల్డ్ ఇంగ్లండ్‌లోని ట్రయంఫ్ వారి పిల్ల. అంటే మన తాతలు ‘దేశవాళీ కారు’ అని ముచ్చటపడ్డ ప్రతి కారూ పరాయి ఇంట్లో పుట్టి ఇక్కడ మెట్టినదే!

అయినా అంబాసిడర్ మన మైదానాల్లో కోడలిగా కాదు, ఇంటి పెద్దకూతురిలా నెగ్గుకొచ్చింది. కారణాలున్నాయి. నల్లరేగడి నేల మీద వాన పడితే అడుగు వేస్తే చెప్పు రాదు, చెప్పు వస్తే కాలు రాదు. అలాంటి చోట నేలకు ఎత్తుగా ఉండే బండి కావాలి. పెళ్లికి పదిమంది ఎక్కాలి, డిక్కీలో సామాను పట్టాలి. బానెట్ ఎత్తితే మెకానిక్కు చేతులు పెట్టుకునేంత చోటుండాలి. ఇవన్నీ అంబాసిడర్‌లో ఉన్నాయి. ఎటొచ్చీ బ్రేకు తొక్కితే ఆగుతుందో, ఆలోచిస్తుందో చెప్పలేం. స్టీరింగు తిప్పడానికి బస్కీలు తీసిన భుజాలు కావాలి. దాహమా... లీటరు పెట్రోలుకు పది కిలోమీటర్లు వెళితే ఆ రోజు పండగే!

అయినా దశాబ్దాలపాటు అదే కారు, అదే ఇంజను. ఎందుకంటే పోటీ లేదు. ఊళ్లో ఒక్కడే హీరో అయితే కాల్షీటు అడగడానికి నిర్మాత గుమ్మం ముందు నిలబడాల్సిందే కదా? అలాగే కొనేవాడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. నాసితనానికి అసలు కారణం ‘దేశవాళీ’ కావడం కాదు, పోటీ లేకపోవడం. ఇది గుర్తుపెట్టుకోండి.

అలాగని కొత్త అవతారమెత్తినదల్లా హిట్టు కాదు. 1985లో మద్రాసు స్టాండర్డ్ వారు ‘స్టాండర్డ్ 2000’ అని ఓ కారు దించారు. బాడీ ఇంగ్లండ్ రోవరుది, చూడ్డానికి దొరలా ఉండేది. ఇంజను మాత్రం ఎప్పటిదో పాతది. రూపం ఒకరిది, గొంతు ఒకరిది అయిన డబ్బింగ్ సినిమా అన్నమాట. మూడేళ్లు తిరక్కుండానే పెట్టె సర్దేసింది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందాక కథ మలుపు తిరిగింది. ప్రభుత్వ కంపెనీ, జపాన్ సుజుకీ చెయ్యీ కలిశాయి. 796 సీసీ ఇంజను, చిన్న బండి. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయ్యేది! మనవాళ్లకు అదే పెద్ద వింత. పోటీ వచ్చింది, పాత హీరోల పొగరు దిగింది. పద్మిని కొత్త శతాబ్దం మొదట్లో వెళ్లిపోయింది. అంబాసిడర్ 2014 మేలో, ఆ మారుతి 800 కూడా అదే ఏడాది జనవరిలో తయారీ ఆపేశాయి.

కొరియా పేరు... పెనుకొండ ఊరు

ఇక ఇవాళ్టి సంగతి చూద్దాం. కియా అంటే కొరియా కంపెనీ. కానీ 2019లో వచ్చిన దాని సెల్టోస్ తయారయ్యేది ఎక్కడో కాదు, మన రాయలసీమలో, శ్రీకృష్ణదేవరాయలు వేసవి విడిది చేసిన పెనుకొండ దగ్గర. టాటా నెక్సాన్ స్వదేశీ కంపెనీది, పుణె పక్క నుంచి వస్తుంది. పర్చూరు వాడికి పుణె కంటే పెనుకొండే దగ్గర! తెలుగు కుర్రాళ్లు చేతులు పెట్టి బిగించిన బండి ఫారిన్ బండి ఎలా అవుతుంది?

ఇంకో చిత్రం చూడండి. జాగ్వార్, రేంజ్ రోవర్ అంటే పక్కా ఇంగ్లీషు దొరల బళ్లు. 2008లో ఆ కంపెనీని ఫోర్డ్ దగ్గర కొన్నది మన టాటాలే. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్, అంటే అంబాసిడర్‌కు పుట్టింటి తరఫు చుట్టం. ఇప్పుడా పేరు చైనా కంపెనీ చేతిలో ఉంది, కార్లు మాత్రం గుజరాత్‌లోని హాలోల్‌లో తయారవుతాయి. మారుతిలో పెద్దవాటా జపాన్ సుజుకీది. ఇందులో ఎవరు స్వదేశీ, ఎవరు విదేశీ? ఎన్టీఆర్ డబుల్ యాక్షన్ సినిమాలో కూడా ఇంత తికమక లేదు!

సర్కారు కూడా ఈ గొడవ మానేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మార్చినప్పుడు, నాలుగు మీటర్ల లోపు పొడుగు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కారుకు 18 శాతం అన్నారు. పెద్ద బళ్లకు 40 శాతం. పుట్టుక అడగలేదు, పొడుగు అడిగారు!

రేకు మీద తడితే సరిపోతుందా?

ఇప్పుడు మావయ్యగారి మాటకు వద్దాం. ఫారిన్ కంపెనీ బండికి రేకు గట్టి అంటారాయన. కారు తలుపు మీద పిడికిలితో టకటకా కొట్టి, చప్పుడు విని నాణ్యం చెప్పే నిపుణులు మనకు ఊరికి పదిమంది! కానీ గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది పైరేకు మందం కాదు, లోపలి చట్రం. ముందుభాగం నలిగి దెబ్బను మింగాలి, మనుషులు కూర్చునే భాగం మాత్రం నలగకూడదు. అది కంటికి కనపడదు, చేతికి తెలియదు.

దాన్ని తేల్చడానికే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గుద్దించి చూస్తుంది. గంటకు 64 కిలోమీటర్ల వేగం, ముందుభాగంలో ఒక పక్కగా 40 శాతం మేర అడ్డుగోడకు ఢీ! లోపల మనుషుల బదులు బొమ్మలుంటాయి, మన ఫైట్లలో డూపుల్లాగా. 2014 జనవరిలో మన దేశంలో అమ్మే అయిదు కార్ల ఫలితం బయటపెట్టారు. జర్మన్ కంపెనీ పోలో, అమెరికన్ కంపెనీ ఫిగో, కొరియా కంపెనీ ఐ10, జపాన్ చుట్టరికం ఉన్న ఆల్టో, మన టాటాల నానో. ఎవరికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయనుకున్నారు? అందరికీ సున్నా! పేరున్నవాడికీ సున్నా, పేదవాడికీ సున్నా.

మరి అదే పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అంటే చేతకాక కాదు, మనకు ఇవ్వక! తమ దేశంలో ఎయిర్‌బ్యాగు లేకుండా అమ్మడానికి జంకే కంపెనీలు, ఇక్కడ మనం అడగలేదు గనుక అలాగే అమ్మాయి. ఫారిన్ పేరు ఫారిన్ నాణ్యానికి గ్యారంటీ కాదని అప్పుడు తేలింది.

ఆ తర్వాత దృశ్యం మారింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్‌కు అయిదుకు అయిదు నక్షత్రాలు. మన దేశంలో తయారై మన దగ్గర అమ్ముడయ్యే కారుకు అది తొలిసారి. 2016లో సున్నా తెచ్చుకున్న మహీంద్రా స్కార్పియో, ‘ఎన్’ అవతారమెత్తి 2022లో అయిదు తెచ్చుకుంది. 2020లో గుద్దించిన సెల్టోస్‌కు మూడు వచ్చాయి, తర్వాత వాళ్లూ ఎయిర్‌బ్యాగులు పెంచారు. మారుతి ఎస్‌ప్రెస్సోకు 2020లో సున్నా, అదే మారుతి డిజైర్‌కు 2024లో అయిదు! ఒకే కంపెనీ, ఒకే దేశం, ఫలితాలు మాత్రం ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత తేడా. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ అని సొంత పరీక్ష ఉంది. షోరూములో ‘సార్, రేకు చూడండి’ అంటే, ‘నక్షత్రాలు చూపించు, ఏ ఏడాది ఏ మోడల్‌కు వచ్చాయో అదీ చెప్పు’ అనండి.

ఇక్కడో బాధాకరమైన మాట చెప్పాలి. గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్న ఎన్టీఆర్, 1982లో పార్టీ పెట్టి ఊరూరూ తిరిగిన చైతన్యరథం నిజానికి ఓ పాత షెవర్లే వ్యాను. విదేశీ బండిని మనవాళ్లే తెలుగు రథంగా మార్చుకున్నారు. దాన్ని వేల కిలోమీటర్లు నడిపిన సారథి హరికృష్ణ. అంత చెయ్యి తిరిగిన డ్రైవరు, 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో పోయారు. నడుపుతున్నది జపాన్ కంపెనీ పెద్ద బండి. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది ఖరీదైన జర్మన్ కారు వెనకసీట్లో. అక్కడా బెల్టు లేదు.

తెర మీద సుమో మూడు పల్టీలు కొట్టినా హీరో చొక్కా దులుపుకుంటూ దిగుతాడు. చిలకలూరిపేట దగ్గర హైవే మీద రీటేకు ఉండదు తమ్ముడూ! అయిదు నక్షత్రాల బండికి ప్రాణం పోసేది కూడా ఆ గుడ్డపట్టీయే. దానికి దేశం లేదు, ధర లేదు.

టిక్కీల లెక్క

ఇక విలువ. రూపాయల్లో చెబితే ఎవరికీ గుండె జల్లుమనదు గనుక మిర్చిలో చెబుతాను. 2025 ఫిబ్రవరిలో మన మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం కింద ఖరారు చేసిన రేటు క్వింటాలుకు 11,781 రూపాయలు. ఆ రేటున ఆరు లక్షల చిన్నకారు అంటే 51 క్వింటాళ్లు. టిక్కీ నలభై కిలోల పైచిలుకు వేసుకున్నా, గుంటూరు యార్డులో దించాల్సినవి సుమారు నూట ఇరవై టిక్కీలు. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు పండాయనుకుంటే రెండున్నర ఎకరాల పంట. కోతకూలీ, పురుగుమందు, కౌలు అన్నీ మర్చిపోతేనే సుమా!

మరి ఓడ దిగి వచ్చే అసలు సిసలు ఫారిన్ కారు? 2025 జులైలో టెస్లా మోడల్ వై ముంబయిలో దిగింది. మొదలు ధర 59 లక్షల 89 వేలు. అంటే 508 క్వింటాళ్లు, దాదాపు పన్నెండు వందల టిక్కీలు! అదే కారు అమెరికాలో అప్పుడు సుమారు 45 వేల డాలర్లు, మన డబ్బులో ముప్పై ఎనిమిది లక్షల చిల్లర. మధ్యలో తేడా ఇరవై లక్షల పైమాటే. అందులో ఎక్కువ భాగం దిగుమతి సుంకానికి పోయేదే. ఆ డబ్బుకు ఇంజను బలం పెరగదు, మైలేజీ పెరగదు. తెర మీద హీరో దిగే కారు చాలాసార్లు ఇలా ఓడ దిగిందే. ఆయనకు కాల్షీట్లున్నాయి, మనకు టిక్కీలున్నాయి. ఆయన కాల్షీటు ధర ఆయనే చెబుతాడు, మన టిక్కీ ధర ఎదుటివాడు చెబుతాడు. తేడా అంతా అక్కడే!

ఇంకో సంగతి. మిర్చి డబ్బు ఏడాదికోసారి వస్తుంది. కారు వాయిదా మాత్రం నెలనెలా గుమ్మం ఎక్కుతుంది. మీ నాన్న వెనకాడుతున్నాడంటే పిసినారితనమని అనుకోకండి. ఈ రెండు జిల్లాల్లో ఒకప్పుడు పత్తిని తెల్ల బంగారం అన్నారు. అదే పత్తి 1987-88లో తెల్లదోమ, అప్పులు కలిసి ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో ఆ తరానికి తెలుసు. ధర తెలియని పంట మీద తప్పని వాయిదా పెట్టుకోవడానికి వాళ్లకు చెయ్యి రాదు.

అయితే నాన్నగారి మాటలోనూ సగమే నిజం. ‘దేశవాళీ బండికి ఎక్కడైనా మెకానిక్ దొరుకుతాడు’ అన్నది అంబాసిడర్ నాటి మాట. ఇవాళ ఏ బండికైనా కంప్యూటరు పెట్టందే రోగం తెలియదు. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రీ కూడా ముందు స్కానరు తగిలిస్తాడు. కాబట్టి చూడాల్సింది బండి దేశం కాదు, సర్వీసు సెంటరు దూరం. గుంటూరులోనో ఒంగోలులోనో ఉందా? విడిభాగం రేపు వస్తుందా, నెలకు వస్తుందా?

ఇంకా పెద్ద ప్రశ్న, కంపెనీ ఉంటుందా అని. 1954లో వెళ్లిన జనరల్ మోటార్స్ మళ్లీ వచ్చి, 2017 చివర షెవర్లే అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ కూడా మళ్లీ వచ్చి, 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. బళ్లు చెడ్డవి కావు, కొన్ని చాలా మంచివి కూడా. కానీ కంపెనీ వెళ్లిపోయిందన్న మాట వినపడగానే సెకండ్‌హ్యాండ్ ధర జారిపోతుంది. మరి స్వదేశీ స్టాండర్డ్, హిందుస్థాన్ మోటార్స్ కూడా కార్ల తెర మీద నుంచి తప్పుకున్నవేగా? ఇక్కడా దేశం కాదు, అమ్మకాల బలమే చూడాలి.

మనకూ చేతనవును

‘ఎన్ని చెప్పండి సార్, కారు చేయడం ఫారిన్ వాళ్లకే చేతనవును’ అనేవాళ్ల కోసం ఓ చిన్న కబురు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో ప్రభాస్ పక్కన హీరోయిన్ కంటే ఎక్కువ మార్కులు కొట్టేసిన బుజ్జి గుర్తుందా? దర్శకుడు నాగ్ అశ్విన్ ఆనంద్ మహీంద్రాను సాయం అడిగితే, మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి కట్టిన బండి అది. దాదాపు ఆరు టన్నుల బరువు, కరెంటు మోటార్లు, నిజంగా రోడ్డు మీద నడిచింది. ఇదే నాగ్ అశ్విన్ అంతకుముందు 2018లో ‘మహానటి’ తీశాడు. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రికి కారు నడపడమంటే ఎంత ప్రాణమో మన పెద్దలు కథలుగా చెబుతారు. ఆవిడ రోజుల్లో ఆ సరదా తీరాలంటే పరాయి దేశంలో పుట్టిన బండే దిక్కు. ఈ రోజున కలలో కారును కూడా ఇక్కడే కట్టగలుగుతున్నాం.

సరే, తీర్పు! మావయ్యకు సగం మార్కులు, నాన్నకు సగం పైన. నీకు మాత్రం, తమ్ముడూ, హీరో కారు విషయంలో సున్నా, నక్షత్రాల పరీక్షలో ఆల్టోకు వచ్చినట్టే! బానెట్ మీద బిళ్ల చూడకు. నాలుగు ప్రశ్నలు అడుగు. నక్షత్రాలెన్ని? సర్వీసు సెంటరు ఎంత దూరం? అయిదేళ్ల తర్వాత అమ్మితే ఎంత? మిర్చి ధర సగానికి పడినా వాయిదా కట్టగలమా? నాలుగింటికీ మంచి జవాబు చెప్పే బండి కొరియాదైనా కొను, పుణెదైనా కొను. నాలుగో ప్రశ్నకు జవాబు ‘లేదు’ అని వస్తే ఈ ఏడాదికి బస్సే మేలు, హీరో సినిమాకు బస్సెక్కి వెళ్లినా అదే టికెట్టు!

కొన్నాక వెనకసీట్లో కూర్చున్న అమ్మకు కూడా బెల్టు పెట్టించు. ‘చీర నలుగుతుందిరా’ అంటుంది. నలగనీ!

వచ్చే వారం మరో తెరచాటు కబురుతో...